గడ్డిలో ఇనుము

నేను కోడలిగా వెళ్లిన ఇంట్లో మనుషుల కంటే బర్రెలు ఎక్కువ. దబీర్‌పురా స్టేషన్‌కు కొద్ది దూరంలో, రైలు పట్టాల వెంట పోయే సందులో ఉండేది ఆ ఇల్లు. వీధి వైపు రెండు గదులు, వాటి వెనక వాకిలి, వాకిలి దాటితే పొడుగాటి కొట్టం. మామగారు అప్పటికే పోయారు. ఇంట్లో మా అత్త, మా ఆయన, ఆయన అన్న ఉండేవారు. ఆ అన్నను నేను బావ అనేదాన్ని. బావ భార్య తొలి కాన్పులోనే చనిపోయింది. ఆయన మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. ఆమె పుట్టింటి నుంచి తోలుకొచ్చిన బర్రె ఒకటి కొట్టంలో మొదటి గుంజకు కట్టి ఉండేది. బావ తన అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే ముందు దానికి ఒక ముద్ద పెట్టి వచ్చేవాడు.

నాకు పాలు పిండడం రాదు. మా నాన్న సర్కారు వర్క్‌షాప్‌లో ఫిట్టర్. కొడుకులు లేని మనిషి కావడంతో ఇంట్లో సైకిలు, కుట్టు మిషన్, నీళ్ల పంపు ఏది పాడైనా నన్నే పక్కన కూర్చోబెట్టుకుని బాగు చేసేవాడు. అత్తవారింటికి పోయేటప్పుడు చీరలతో పాటు ఒక ఇనప పెట్టె కూడా ఇచ్చాడు. అందులో పానాలు, స్క్రూ డ్రైవర్లు, ఒక సుత్తి, ఒక పట్టకారు. దాన్ని చూసి అత్త నోరు తెరిచింది.

"ఇదేం సారె, బిడ్డా? నీ మొగనికి మరలు బిగిస్తవా ఏంది?" అని చాలా సేపు నవ్వింది.

మా బర్రెల మేత మూసీ ఒడ్డు నుంచి వచ్చేది. నది పక్కన గడ్డి మడులు కౌలుకు తీసుకున్నాం. సిటీ మురికినీళ్లు పారే ఆ మడుల్లో ఎండాకాలం కూడా గడ్డి నడుము ఎత్తు పెరిగేది. ఆడవాళ్ల జట్టు ఒకటి కొడవళ్లతో కోసి, మోపులు కట్టి తెచ్చేది. ఆ జట్టుకు పెద్ద ఒక ముసలామె. అందరూ ఆమెను అవ్వ అనే పిలిచేవారు. భర్త లేడు, ఒక కూతురు ఎక్కడో కాపురం చేసుకుంటోంది. సన్నగా, నల్లగా, నిటారుగా నడిచేది. మనిషి మంచిదే కానీ నోరు మాత్రం కారం. బావనైనా సరే, "ఏందిరా అట్ల చూస్తున్నవ్, మోపు దించు" అని కసిరేది.

డెబ్బైల చివర బర్రెలు పెరిగాయి. వానాకాలంలో ఒడ్డు బురదైన రోజు జట్టు రాలేకపోయేది. ఆ రోజు కొట్టమంతా ఒకటే అరుపులు. బావకు ఆ అరుపులు వింటే తిండి సహించేది కాదు. పేడ, తవుడు మోయడానికి మా దగ్గర ఒక పాత ట్రాక్టర్ ఉంది. ఉస్మాన్‌గంజ్‌కు పల్లిచెక్క కోసం పోయినప్పుడు అక్కడెవరో ఆయనకు చెప్పారట, ట్రాక్టర్ వెనక తగిలించి గడ్డి కోసే మిషన్లు పాత ఇనుము దుకాణాల్లో దొరుకుతున్నాయని. ఏదో పెద్ద ఫారం మూతపడి, సామాను అమ్మేశారట.

బావ, మా ఆయన చూడడానికి పోతూ నన్ను కూడా రమ్మన్నారు. "మరలు చూసేది నీకు తెలుస్తది గద" అన్నాడు బావ. ఆ ఇంట్లో నన్ను ఒక పనికి లెక్కలోకి తీసుకోవడం అదే మొదటిసారి. సంతోషంగానే పోయాను.

దుకాణం యజమాని తెల్లగడ్డం పెద్దమనిషి. మూడు మిషన్లు చూపించాడు. మొదటిది పక్కకు చాచిన పొడుగాటి ఇనప బద్ద. దానికి రంపంలా పళ్లు, పళ్ల మధ్య అటూ ఇటూ ఆడే కత్తులు.

"ఇది కత్తెర లెక్క, భాయ్. సాఫ్‌గ కోస్తది. కాని రాయి తగిలినా, తీగ చిక్కినా ఆగిపోతది. దిగి తియ్యాలె, మల్ల ఎక్కాలె."

రెండోది కింద ఒకే పెద్ద కత్తి గుండ్రంగా తిరిగేది. "ఇది జంగిల్ కొట్టేటందుకు. రాయి తగిలిందనుకో, తోపు గుండు లెక్క ఎగిరొస్తది. పక్కకు ఎవ్వరు నిలవడొద్దు" అన్నాడు.

మూడోదాని మూత ఎత్తాడు. లోపల అడ్డంగా లావుపాటి షాఫ్టు. దాని పొడవునా వరుసలు వరుసలుగా చిన్న చిన్న బ్లేడ్లు బోల్టులకు వేలాడుతున్నాయి. చేత్తో కదిలిస్తే గాజుల్లా గలగలలాడాయి.

"తిరిగినప్పుడు ఇవన్ని నిటారుగ లేస్తయి. గడ్డిని కొట్టి, ముక్కలు చేసి, వెనక గొట్టంల కెళ్లి ట్రాలీలకు ఇసిరేస్తది. రాయి తగిలితె బ్లేడు ముడుసుకుంటది, మల్ల లేస్తది. యే రుక్తా నై, సాబ్. ఎవ్వరి కోసం ఆగది."

నేను షాఫ్టును చేత్తో తిప్పి చూశాను. ఒక వైపు బేరింగ్ గరగరమంది. అది మార్చాలని చెప్పాను. కొన్ని బ్లేడ్లు అరిగి సగమయ్యాయి, వాటికీ ఎదురుగా ఉన్నవాటికీ బరువు తేడా ఉంటే షాఫ్టు ఊగుతుందని కూడా చెప్పాను. దుకాణం పెద్దమనిషి నన్ను, మా ఆయనను మార్చి మార్చి చూసి, "బహూ తేజ్ హై, కోడలు హుషారు" అన్నాడు. మొదటి మిషన్ గడ్డిని శుభ్రంగా కోస్తుంది కదా అని మా ఆయన అంటే, బావ ఒప్పుకోలేదు.

"మూసీల రాళ్లు, కట్టెలు మస్తుంటయి. మాటిమాటికి దిగేది నీకైతదా? ఆగకుంట పనిచేసేదే కావాలె."

రాళ్లున్న చోట ఈ బ్లేడ్ల మిషనే మేలు. అప్పుడు నేనూ అదే మాట అన్నాను. ఈనాడు ఎవరైనా అడిగితే రాళ్ల నేలకు మళ్లీ అదే చెబుతాను.

మిషన్‌ను మడిలో దించిన మొదటి రోజు నేనూ ఒడ్డు మీద ఉన్నాను. షాఫ్టు వేగం అందుకునే కొద్దీ గలగల పోయి ఊళ లాంటి చప్పుడు లేచింది. కొంగలన్నీ ఒక్కసారి లేచి అవతలి ఒడ్డుకు పోయాయి. గడ్డి ముందు వంగడం, వెనక గొట్టంలోంచి పచ్చటి తుక్కుగా ట్రాలీలో పడడం, అంతా రెప్పపాటులో జరిగిపోయింది. కోసిన చోట నేల నున్నగా, తడిగా, చర్మం తీసినట్టు కనిపించింది.

జట్టు ఆడవాళ్లు కట్ట మీద వరసగా నిలబడి చూశారు. ఇక వాళ్లకు మా దగ్గర పని లేదని బావ అంతకు ముందే చెప్పాడు. అవ్వ కొడవలి చంకలో పెట్టుకుని కిందికి దిగి వచ్చింది. ట్రాలీలోంచి పిడికెడు తుక్కు తీసి చూసి కింద పారేసింది.

"మా నోట్ల మన్ను కొట్టి దీన్ని తెచ్చుకున్నవ్ గద. కొట్టుకో. నీ బర్లు దీన్ని తిని ఎట్ల బతుకుతయో నేను గూడ చూస్త" అంది బావతో.

అంత చప్పుడులోనూ ఆ మాట అందరికీ వినబడింది. బావ ముఖం మాడిపోయింది.

నెలలు గడిచాయి. మిషన్ నడపడం మా ఆయన పని, చూసుకోవడం నా పని. మడి నుంచి రాగానే షాఫ్టు రెండు చివర్లా చుట్టుకున్న గడ్డిని కత్తితో కోసి లాగేసేదాన్ని. లాగకపోతే అది లోపలికి చొచ్చి బేరింగ్‌ను తినేస్తుంది. గ్రీసు కొట్టేదాన్ని, బెల్టు వదులైతే బిగించేదాన్ని. బ్లేడు ఒకటి విరిగితే దాని ఎదుటి బ్లేడు కూడా విప్పి, కొత్తవి రెండూ కిరాణా తక్కెడలో పెట్టి, బరువు సరిపోయాకే బిగించేదాన్ని. మురికినీళ్లకు ఇనుము ఇట్టే తుప్పు పట్టేది. గడ్డిలో జారిపోయిన నట్లు వెతకడానికి పాత లౌడ్‌స్పీకర్‌లోంచి తీసిన గుండ్రటి అయస్కాంతం ఒకటి పెట్టెలో పెట్టుకున్నాను.

ట్రాక్టర్ సందు మలుపు తిరుగుతుండగానే చప్పుడును బట్టి ఏ బ్లేడు వరుస తేడాగా ఉందో చెప్పేదాన్ని. ఒక్కొక్కసారి ఏ తేడా లేకుండానే ఆ ఊళ వింటే నాకు ఒళ్లు జలదరించేది. మా ఆయనతో అంటే, "ఆడిదానికి మిషన్ ఇస్తె గిట్లనే ఉంటది" అని నవ్వేవాడు.

ఆ ఏడాది వానలు గట్టిగా పడ్డాయి. మూసీ మడుల మీదుగా పారి, మెల్లగా తీసింది. ఎగువ నుంచి సిటీ చెత్తంతా తెచ్చి మా మడుల్లో పరిచింది. పైకి కనిపించే కట్టెలు, డబ్బాలు ఏరించాం. కొద్ది రోజులకే గడ్డి వాటన్నింటినీ కప్పేసి ఎప్పటికంటే ఏపుగా లేచింది. మిషన్ మళ్లీ మడిలో దిగింది.

ముందు జబ్బు పడింది బావ భార్య పుట్టింటి బర్రె. ఒక పొద్దున దాణా ముందు పెడితే వాసన చూసి ముఖం తిప్పుకుంది. పాలు సగానికి పడిపోయాయి. వీపు విల్లులా వంచి, ముందరి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేది. పడుకోవడానికి భయపడేది. తప్పనిసరై పడుకుంటే లోపల ఎవరో పొడిచినట్టు ముక్కేది. బావ వాము, బెల్లం, ఇంగువ నూరి పట్టించాడు. తెలిసినవాళ్లు చెప్పిన కషాయాలు పోశాడు. దవడ కిందికి, రొమ్ము కిందికి నీరు దిగింది. మెడ మీద నరం తాడులా ఉబ్బి కొట్టుకునేది. ఒక మధ్యాహ్నం బావ ఒళ్లోనే తల పెట్టి చచ్చిపోయింది. ఆయన దాని చెవి పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తోలు తీసేవాళ్లు వచ్చి బండి మీద వేసుకుపోయారు.

తర్వాత దాని పక్క గుంజకు కట్టిన బర్రె అలాగే ముక్కడం మొదలుపెట్టింది. పక్క గుంజ కావడంతో అంటురోగం అనుకుని విడిగా కట్టాం. అదీ పోయింది. కానీ మూడోసారి జబ్బు పడ్డది కొట్టంలో ఆ చివరది. ఒక వరుసంటూ లేదు. ఏది తింటూ తింటూ ఆగిపోతుందో, ఏది వీపు వంచుతుందో తెలిసేది కాదు. నేను బియ్యం కడుగుతున్నా, బట్టలు ఆరేస్తున్నా చెవి కొట్టం వైపే ఉండేది. చిన్న మూలుగు వినిపిస్తే అత్త, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం.

పాలు పోయించుకునే వాళ్లు తగ్గారు. సందులో ఆడవాళ్లు మా వాకిలి ముందు చప్పున అడుగులు వేసి దాటిపోయేవారు. ఒక పొద్దున వాకిలి ఊడుస్తుంటే గడప పక్కన ఎర్రగుడ్డ మూట ఒకటి కనిపించింది. అందులో కుంకుమ పూసిన నిమ్మకాయ, వెంట్రుకలు. ఎవరు పెట్టారో ఈనాటికీ తెలియదు. ఏ పిల్లలో ఆట పట్టించడానికి పెట్టి ఉండవచ్చు, ఎవరో తమ ఇంటి దిష్టి తీసి పారేసి ఉండవచ్చు. బావ దాన్ని చూసి గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"బాణామతి" అన్నాడు.

ఆ రోజుల్లో ఆ మాట అంటేనే జనం వణికేవారు. ఎవరో కక్షతో మంత్రం చేస్తే మనుషులు, పశువులు తీసుకుతీసుకు చస్తారని నమ్మేవారు. చేసిన మనిషి పళ్లు ఊడగొడితే ఇక మంత్రం పలకదని కూడా నమ్మేవారు. జిల్లాల్లో అలా ఊడగొట్టారన్న కబుర్లు మా సందుకూ చేరేవి.

బావ సిటీ అవతలికి పోయి ఒక మంత్రగాణ్ని కలిసి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఆయన కళ్లు వేరుగా ఉన్నాయి.

"మీ ఇంటి అన్నం తిన్న ఆడిదే అన్నడు. కడుపు మండిపోయిన ఆడిది. నోటితోని అని మరీ చేసిందన్నడు" అన్నాడు అత్తతో. "ఎవలో నీకు సమజ్ కాలేదా, అమ్మా? మిషన్ దించినాడు ఏమన్నది? నీ బర్లు ఎట్ల బతుకుతయో చూస్త అన్లేదా?"

"ముసల్ది, నోటి దూల" అంది అత్త. కానీ ఆమె గొంతులో బలం లేదు.

నేను ఉండబట్టలేక అన్నాను. "బావా, ఒక్కసారి సర్కారు పశువుల డాక్టర్‌ను పిలుద్దాం. కడుపుల ఏమున్నదో చూస్తడు."

"కోసి చూస్తె బతుకుతయా?"

"చచ్చినదాన్ని కోస్తె, బతికున్నయి ఎట్ల బతుకుతయో తెలుస్తది గద."

ఆయన లేచి కొట్టం వైపు పోయాడు. మా ఆయన తలొంచుకుని నేల గీకుతున్నాడు. తర్వాత వంటింట్లో నాతో, "అన్న దిల్ పల్గిపోయి ఉన్నది. ఇప్పుడేం చెప్పినా ఇనడు. నువ్వు నడిమిట్ల రాకు" అన్నాడు. ఆయనకు కూడా సగం నమ్మకం కుదిరిపోయిందని అర్థమైంది. నాకు మిషన్ ఊళ విన్నప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

నేను అత్తను పట్టుకున్నాను. ఆమె రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడో బర్రె ఇక లేవలేని స్థితికి వచ్చిన పొద్దున, తనే నా దగ్గరికి వచ్చి, "పిలువు బిడ్డా నీ డాక్టర్‌ను. వాన్కి నేను చెప్పుకుంట" అంది. నేనే పోయి పశువుల ఆస్పత్రిలో చెప్పి వచ్చాను.

డాక్టర్ స్కూటర్ మీద వచ్చేసరికి బర్రె ప్రాణం పోయింది. ఆయన నడివయసు మనిషి, తక్కువ మాట్లాడేవాడు. ముందు చచ్చిన బర్రెల గురించి అత్తను అడిగాడు. ఎలా నిలబడేవి, ఎలా ముక్కేవి, నీరు ఎక్కడ దిగేది. వింటూ వింటూ చొక్కా చేతులు పైకి మడిచాడు. తోలు తీసేవాళ్లలో ఒకతను సాయం పట్టగా వాకిట్లోనే కోయడం మొదలుపెట్టాడు.

బావ ఇంట్లో లేడు. పొద్దున్నే ఇద్దరు ముగ్గురు చుట్టాలను వెంటబెట్టుకుని ఎక్కడికో పోయాడు. ఎక్కడికన్నది సందులో గోల వినబడ్డాక తెలిసింది.

అవ్వను తోలుకొస్తున్నారు. ఇద్దరు చెరో రెక్క పట్టుకున్నారు. దారిలోనే ఎవరో కొట్టినట్టున్నారు, పెదవి పగిలి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది. వెనక సందు సందంతా వచ్చేసింది. ఆమెను వాకిట్లో కూలేశారు. ఆమె ఏడవలేదు. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ చూస్తోంది, అందరినీ ఎరిగినదే కదా.

ఒక చుట్టం నా వైపు తిరిగాడు. "అమ్మా, నీ దగ్గర పట్టకారు ఉన్నది గద. తీయి."

బ్లేడ్ల పిన్నులు లాగడానికి వాడే పట్టకారు అది. మా నాన్న ఇచ్చింది. పోయి ఆ ఇనప పెట్టె మీద కూర్చున్నాను.

"లెవ్వమ్మా."

"లెవ్వ."

"మంచిగ చెప్తున్న, లెవ్వు."

"లెవ్వ. ముసలామె అది. ఏందన్నా మీకిది?" అన్నాను. మా ఆయన గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నావైపూ చూడడు, అన్నవైపూ చూడడు. ఇంకెవరో "మా ఇంట్ల ఉన్నది, తెస్త" అని సందులోకి పరిగెత్తారు.

అప్పుడే డాక్టర్, "అందరు ఇటు చూడున్రి" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

మోచేతుల దాకా నెత్తురు. ఎడమ చేతిలో బర్రె గుండె ఉన్న సంచి. అది మామూలుగా పలుచగా ఉంటుందట. ఇది బెరడులా మందమై లోపలంతా కుళ్లు. కుడి చేతి వేళ్ల మధ్య నల్లటి తీగ ముక్క ఒకటి. నా చూపుడు వేలంత ఉంటుంది.

"కడుపు నుంచి పొడుసుకుంటూ గుండెకు వోయింది. దీంతోనే చచ్చింది. ముందటి రెండు కూడ ఇట్లనే అయుంటయి" అన్నాడు.

ఇక అయిపోయింది అనుకున్నాను. కానీ ఇందాకటి చుట్టం కేక పెట్టాడు.

"చూసిన్రా! కడుపుల ఇనుము పుట్టిచ్చింది! బర్రె ఇనుము తింటదా ఎక్కడన్న? మనిషి కడుపుల ఎంటికలు పుట్టిస్తరు, సూదులు పుట్టిస్తరు. ఇది గదే!"

గుంపు మొత్తం ఒక్క అడుగు ముందుకు జరిగింది. ఆ శబ్దం నాకు ఇంకా చెవుల్లో ఉంది. కాళ్ల కింద మట్టి నలిగిన చప్పుడు. రుజువు చూపిస్తే సరిపోతుందని అనుకున్నాను. వాళ్లకు అదే రుజువైంది. అవ్వ మొదటిసారి తల దించుకుంది.

డాక్టర్ కూడా ఒక క్షణం బిత్తరపోయాడు. తర్వాత బావను అడిగాడు. "గడ్డి చేతితో కోస్తరా, మిషన్‌తోనా?"

"మిషన్" అన్నాడు బావ.

"ఇంట్ల అయస్కాంతం ఉన్నదా?"

అది నేను కూర్చున్న పెట్టెలోనే ఉంది. లేస్తే పట్టకారు వాళ్ల చేతికి పోతుంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గుంజ వదిలి మెల్లగా వచ్చాడు. నేను లేచి, పెట్టె తెరిచి, అయస్కాంతం తీసుకుని మూత వేశాను. ఆయన ఆ మూత మీద కూర్చున్నాడు. అన్నకు ఎదురుగా, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

కొట్టంలో మేత వేసే గాడి నిండా ఆ పొద్దున కొట్టి తెచ్చిన తుక్కు ఉంది. డాక్టర్ చెప్పినట్టు అయస్కాంతాన్ని అందులో దూర్చి, ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా దువ్వుకుంటూ పోయాను. పైకి తీస్తే దానికి మీసాలు మొలిచినట్టు తీగ ముక్కలు. సన్నవి, లావువి, తుప్పువి. వాటి చివరలు మాత్రం కొత్తగా తెగి మెరుస్తున్నాయి. ఎగువన టైర్లు కాల్చేవాళ్లు వదిలేసిన తీగ, పెట్టెలకు కట్టే తీగ, ఒకటి రెండు మేకులు కూడా. మళ్లీ ముంచాను. మళ్లీ వచ్చాయి. గడ్డిని కొట్టిన బ్లేడ్లే తీగనూ ముక్కలు చేశాయి. కొడవలికి తీగ తగిలితే చెయ్యి ఆగుతుంది. ఈ మిషన్ ఆగదు. తీగ తగిలినట్టు నడిపే మనిషికి కూడా తెలియదు.

వాటిని తీసుకొచ్చి బావ ముందు పట్టుకున్నాను. డాక్టర్ తన చేతిలోని ముక్కను పక్కన పెట్టాడు. బావ రెండింటినీ చూశాడు. నెత్తురు ముక్కను తీసుకుని వేళ్ల మధ్య తిప్పాడు.

అత్త కుండలోంచి నీళ్లు ముంచుకుని వచ్చింది. చుట్టాలను తోసుకుంటూ పోయి అవ్వ ముందు కూర్చుంది. తన కొంగుతో ఆమె గడ్డం తుడిచి చెంబు నోటికి అందించింది.

"అందరు ఇండ్లకు వోన్రి. సినిమానా ఇది?" అంది తల తిప్పకుండా.

కొందరు పోయారు. కొందరు గొణుక్కుంటూ గోడ దగ్గరే నిలబడ్డారు. పట్టకారు కోసం పరిగెత్తినతను తీరా వచ్చి, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక వీపు వెనక పెట్టుకున్నాడు.

అవ్వ నీళ్లు తాగి లేచింది. "ఆనాడు నేను ఏమన్ననో నాకు యాదికి లేదు. కడుపు మండి ఏదో అన్న. బర్ల చావు కోరుకుంటనారా నేను? వాటి పేరు మీద బతికినదాన్ని" అంది బావతో. ఆమె అదే నిటారు నడకతో సందు దాటి పోయింది. వెంట పోయి దిగబెడదామని నేను రెండు అడుగులు వేస్తే చెయ్యి అడ్డం ఊపి వద్దంది.

డాక్టర్ చేతులు కడుక్కుంటూ చెప్పిన మాటలు ఆ రోజు జరిగిన వాటన్నింటికంటే నన్ను ఎక్కువ కాలం వెంటాడాయి. ఆ మేత తిన్న ప్రతి బర్రె కడుపులో ఇనుము ఉండవచ్చన్నాడు. కొన్నింటిలో అది బతికినంత కాలం ఒక మూల కదలకుండా పడి ఉంటుంది. కొన్నింటిలో ఏనాడో కదులుతుంది, ఈనేటప్పుడో, జారి పడ్డప్పుడో. పైకి చూసి చెప్పడానికి లేదు. ముందరి కాళ్లు ఎత్తులో ఉండేట్టు కడితే బరువు వెనక్కి పడి, తీగ గుండె వైపు పోకుండా కొంత ఆగుతుందని చెప్పాడు.

కొట్టమంతా మట్టి, ఇటుకలు పోసి దిమ్మెలు కట్టాం. ఆ తర్వాత ఎవరు మా కొట్టంలోకి వచ్చినా నివ్వెరపోయేవారు. బర్రెలన్నీ ముందరి కాళ్లు దిమ్మెల మీద పెట్టి, మెట్టు ఎక్కబోయి ఆగిపోయినట్టు వరసగా నిలబడి ఉండేవి. ఒకదానికి పెద్దాస్పత్రిలో కడుపు కోసి తీగ తీశారు, అది బతికింది. ఇంకొకటి ఈనిన మర్నాడే పోయింది. మిగతావి ఎన్నాళ్లని మేం అడగలేదు. కొనడానికి వచ్చినవాళ్లకు బావ సంగతంతా చెప్పేవాడు. విన్నవాళ్లు కొనకుండానే పోయేవారు.

గొట్టం దగ్గర అయస్కాంతాలు బిగించి మిషన్ మళ్లీ నడుపుదామని మా ఆయన ఒకసారి అన్నాడు. అన్ని ముక్కలూ అయస్కాంతానికి చిక్కుతాయన్న నమ్మకం నాకు లేదు, గాజుపెంకులు అసలే చిక్కవు. బ్లేడ్లన్నీ విప్పి, షాఫ్టుకు గ్రీసు పూసి, గోనెలు కప్పాను. ఆ తర్వాత కాలువ గట్ల మీద పిచ్చిచెట్లు కొట్టించే కాంట్రాక్టరు ఒకాయన వచ్చి తీసుకుపోయాడు. కొట్టినదాన్ని పశువులకు వేయొద్దని నేను వాకిట్లో నిలబడి రెండుసార్లు చెప్పాను.

బావ ఒకనాడు స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని అవ్వ ఉండే బస్తీకి పోయాడు. ఏం మాట్లాడాడో మాకు చెప్పలేదు. ఆమె ఆయనను గడప బయటే నిలబెట్టి, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, తలెత్తకుండా విన్నదని జట్టులోని ఆడమనిషి ఒకామె చెప్పింది. కొన్నాళ్లకు జట్టు కొడవళ్లతో మళ్లీ మా మడిలో దిగింది. అవ్వ మాత్రం రాలేదు. అవతలి ఒడ్డున ఇంకెవరి మడిలోనో కోసేది. నీళ్లకు అటు ఆమె, ఇటు మేం. నేను కనిపిస్తే కొడవలి ఎత్తి పలకరించేది. బావ కనిపిస్తే గడ్డి చాటుకు వంగేది.

తర్వాత మడుల కౌలు పోయింది, ఒక్కొక్కటిగా బర్రెలు పోయాయి. మేం సంతోష్‌నగర్‌లో ఇల్లు కట్టుకుని, మా ఆయన, నేను కలిసి మోటార్లు, పంపులు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాం. బావ మాతోనే ఉన్నాడు. ఆ గల్లీ చివర ఎవరిదో చిన్న కొట్టం ఉండేది. అక్కడ ఏ బర్రె ముక్కినా తింటున్న అన్నం ముద్ద చేతిలోనే ఆపేసి, అది మళ్లీ మేయడం మొదలుపెట్టిన చప్పుడు వినిపించే దాకా కదలకుండా కూర్చునేవాడు.